బోర్డు మార్పించే ముందు కింది మూత విప్పి చూడండి

పాలకొల్లు దగ్గరి ఒక పల్లె నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. కాస్త కుదించి ఇస్తున్నాను.

"అన్నయ్యగారూ, మా ఇంట్లో ఏడు కిలోల ఫ్రంట్ లోడ్ వాషింగ్ మిషన్ ఉంది. కొని మూడేళ్లయింది. మా వారు రొయ్యల చెరువులు చేస్తారు. ఆయనవీ, మామయ్యగారివీ, పిల్లలవీ బట్టలన్నీ అందులోనే వేస్తాను. రెండేళ్లు చక్కగా పనిచేసింది. ఈ వేసవి నుంచి ఒకటే తలనొప్పి. ఉతికిన బట్టలు తీస్తుంటే నీచు వాసన వస్తోంది. పిల్లల తెల్ల యూనిఫారాలు పసుపుపచ్చగా తిరిగాయి. బట్టలు పిండే టైముకి మిషన్ ఎగిరెగిరి గోడ దాకా జరిగిపోతోంది. వారం నుంచి సగంలో ఆగిపోయి ఓఈ అని చూపిస్తోంది. లోపల నీళ్లు అలాగే ఉండిపోతున్నాయి, డోర్ రావడం లేదు. మెకానిక్ వచ్చి చూసి బోర్డు పోయింది, పదకొండు వేలవుతుంది అన్నాడు. అంత పెట్టడం దండగ, ఇది అమ్మేసి టాప్ లోడ్ కొందాం అంటున్నారు మా వారు. మా నీళ్ల సంగతి మీకు తెలిసిందే, వేసవిలో కాలువ కట్టేశాక బోరు నీళ్లే గతి. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?"

చెల్లెమ్మా, ముందు ఆ పదకొండు వేలు బీరువాలోనే ఉంచండి. మిషన్ అమ్మే మాట కూడా పక్కన పెట్టమని మీ వారితో చెప్పండి. మీరు రాసినదాన్ని బట్టి మీ మిషన్ నీళ్లు తీసుకుంటోంది, తిరుగుతోంది, పౌడర్ కలుపుకుంటోంది. చివర్లో నీళ్లు బయటికి తోయలేక ఆగిపోయి, ఎక్కడ ఆగిందో కూడా చెబుతోంది. ఎల్‌జీ మిషన్లలో ఓఈ అంటే నీళ్లు బయటికి పోవడం లేదని అర్థం. అదే మాట శాంసంగ్‌లో 5సీ అనో 5ఈ అనో, బాష్‌లో ఈ18 అనో వస్తుంది. మిషన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డులో పంపుకి కరెంటు ఇచ్చే ముక్క ఒక్కటే కాలిపోవడం ఉండదని నేననను. ఉంటుంది. కానీ అది అన్నీ చూశాక ఆఖరున చూడాల్సింది. పైసా ఖర్చు లేకుండా చూడగలిగినవి ముందు చూడాలి.

ఇరవై ఏళ్లుగా తణుకు, భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల ఈ మిషన్లే విప్పుతున్నాను. నీళ్లు పోవడం లేదని పిలిచిన ఇళ్లలో ఎక్కువచోట్ల నేను చేసిన పని ఒక్కటే, కింద ఉన్న ఫిల్టర్ తీసి కడగడం. అది మీరూ చేసుకోవచ్చు. మెకానిక్కులు చాలామంది ఇది ఇంటివాళ్లకి చెప్పరు. చెబితే మళ్లీ పిలవరని కాబోలు. నాకది నచ్చదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మిషన్ ముందు భాగంలో, అట్టడుగున, చాలావాటికి కుడిచేతి వైపు, అరచేయంత చిన్న తలుపు ఉంటుంది. దాన్ని గోటితోనో రూపాయి బిళ్లతోనో మీటితే వచ్చేస్తుంది. అంతకుముందే స్విచ్ ఆపి ప్లగ్గు పీకేయండి. వేడి నీళ్లతో ఉతుకుతుండగా ఆగిపోయి ఉంటే రెండు మూడు గంటలు చల్లారనివ్వండి. లోపల నీళ్లు అరవై డిగ్రీల్లో ఉంటే చేయి కాలిపోతుంది. తలుపు తీస్తే లోపల గుండ్రటి మూత ఒకటి, దాని పక్కన వేలంత లావు నల్లటి గొట్టం ఒకటి కనిపిస్తాయి. కొన్ని మోడళ్లలో ఆ గొట్టం ఉండదు. ఉంటే దాన్ని ముందుకు లాగి, కింద లోతు తక్కువ బేసిన్ పెట్టి, చివరనున్న బిరడా తీయండి. నీళ్లు సన్నగా వస్తాయి. డ్రమ్ము నిండా నీళ్లున్నాయి కాబట్టి బేసిన్ నిండినప్పుడల్లా బిరడా పెట్టి పారబోసుకోవాలి. పదిసార్లు పట్టొచ్చు, కంగారు పడొద్దు. నీళ్లన్నీ పోయాకే ఆ గుండ్రటి మూతను ఎడమ వైపుకి మెల్లగా తిప్పాలి. తొందరపడి ముందే తిప్పారంటే వసారా అంతా వరదే.

మూత బయటికి లాగితే దానికి తగులుకుని జల్లెడలాంటి ఫిల్టర్ వస్తుంది. దానికి పట్టినదాన్ని చూస్తే మీకే సగం సంగతి అర్థమవుతుంది. ఆ మధ్య ఉండి అనే ఊరి దగ్గర ఒక చెరువుల రైతు ఇంట్లో మిషన్ ఫిల్టర్ తీశాను. అరచేతిలో పట్టనంత ముద్ద వచ్చింది. కడిగి విడదీస్తే వెంట్రుకలు, రెండు పిన్నీసులు, ఒక అయిదు రూపాయల బిళ్ల, లుంగీ అంచు దారాలు, వాటి మధ్యన గోధుమరంగు పిండి ముద్ద. వేళ్ల మధ్య నలిపి వాసన చూస్తే రొయ్యల మేత. ఆయన గట్టు మీద తిరుగుతూ చెక్ ట్రేలో (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) వేయడానికి గుప్పెడు మేత నిక్కరు జేబులో పోసుకుంటాడట. మిగిలింది జేబులోనే ఉండిపోయి మిషన్‌లోకి వెళ్తోంది. మేతలో ఉండేది చేపల పొడి, సోయా, గోధుమపిండి. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, రెండు రోజులుంటే కుళ్లుతుంది. మీరు ముక్కిన వాసన అని రాయలేదు, నీచు వాసన అని రాశారు. ఆ ఒక్క మాట చదవగానే నాకు ఆ ముద్ద గుర్తొచ్చింది.

ఫిల్టర్ తీశాక ఆ రంధ్రంలోకి ఫోన్ టార్చ్ వేసి చూడండి. లోపల చిన్న ఫ్యాన్ రెక్కల్లాంటివి కనిపిస్తాయి. అదే పంపు. వాటికి దారం చుట్టుకుందేమో, పిన్నీసు అడ్డం పడిందేమో చూసి తీసేయండి. తర్వాత ఒక పుల్లతో రెక్కను తిప్పండి. చాలా పంపుల్లో అది గిర్రున తిరగదు, ఆగి ఆగి, ఎవరో వెనక్కి లాగుతున్నట్టు తిరుగుతుంది. లోపల అయస్కాంతం ఉండడం వల్ల అలా తిరుగుతుంది, చెడిపోయిందని అనుకోకండి. అసలు కదలకపోతేనో, వదులుగా ఊగుతుంటేనో అనుమానించాలి. మూతను మళ్లీ మర సరిగ్గా పడేలా గట్టిగా బిగించండి. సరిగా పడకపోతే కింద కారుతుంది.

ఇప్పుడు ప్లగ్గు పెట్టి, బట్టలు లేకుండా ఒక్క రిన్స్, స్పిన్ పెట్టి చెవి దగ్గర పెట్టి వినండి. నీళ్లు జోరుగా పోతే మీ బోర్డు కథ అక్కడితో ముగిసినట్టే. పంపు హుమ్మని మోగుతోంది కానీ నీళ్లు పోవడం లేదంటే వెనక పైపు చూడాలి. గోడకి ఆనుకుని నలిగిందేమో, చివర బురదలో కూరుకుపోయిందేమో. మన పల్లెల్లో ఆ పైపు చివర పెరట్లోని కొబ్బరి చెట్టు పాదులోకో మురుగు కాలువలోకో వదిలేస్తారు. నేల మీద పడేస్తే ఇంకో చిక్కు ఉంది. పైపు చివర నేల నుంచి రెండడుగులు, మూడడుగుల ఎత్తుకి ఒకసారి లేచి దిగాలి. లేకపోతే మిషన్ ఒకవైపు నీళ్లు పట్టుకుంటుంటే ఇంకోవైపు అవి వాటంతటవే జారిపోతుంటాయి. ఎంతసేపటికీ నిండదు. ఇక పంపు చప్పుడే లేకపోతే అప్పుడు మెకానిక్‌ని పిలవండి. పిలిచి, "పంపు దగ్గర కరెంటు వస్తోందో లేదో మీటర్ పెట్టి చూపించండి" అని అడగండి. కరెంటు వచ్చినా తిరగకపోతే పంపు పోయినట్టు. అది మార్చడం బోర్డుతో పోలిస్తే చాలా తక్కువ ఖర్చు. కరెంటే రాకపోతే మధ్యలో వైరు తెగిందేమో చూసి, అదీ బాగుంటేనే బోర్డు మాట. మీటర్ తీయకుండా బోర్డు అన్నవాళ్లకి డబ్బులివ్వొద్దు.

డోర్ గురించి బెంగ పడకండి. లోపల నీళ్లుంటే అది తెరుచుకోకూడదు, అలాగే తయారు చేశారు. నీళ్లు పోయాక ఒకటి రెండు నిమిషాలకి దానంతటదే వదులుతుంది.

వాసన సంగతి ఫిల్టర్‌తో పూర్తిగా తీరదు. డోర్ చుట్టూ ఉన్న రబ్బరును రెండు చేతులా విడదీసి అడుగు మడతలోకి చూడండి. అక్కడ నీళ్లు నిలుస్తాయి, వెంట్రుకలు, ఇసుక, జిగురు చేరతాయి. మేత పలుకులు కూడా దొరికితే ఆశ్చర్యం లేదు. పాత టూత్ బ్రష్షుతో, సబ్బు నీళ్లతో తోమి, పొడిగుడ్డతో తుడవండి. పౌడర్ వేసే ట్రే కూడా మధ్యలో ఉన్న బొత్తాం నొక్కి బయటికి లాగేస్తే వస్తుంది. దాని వెనక గూటిలో నల్లటి పాచి పట్టి ఉంటుంది, అదీ కడగండి. ఇక మీదట ఉతకడం అయిపోగానే రబ్బరు మడత ఒకసారి తుడిచి, డోరూ ట్రే రెండూ కొంచెం తెరిచి వదిలేయండి. మన ప్రాంతంలో గాలిలోనే చెమ్మ ఎక్కువ, మూసి పెడితే మర్నాటికే లోపల పాచి మొదలవుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం వాళ్లు అటు వెళ్లకుండా చూసుకోవాలి. డోర్ తెరిచి ఉన్న డ్రమ్ములోకి పిల్లలు దూరతారు.

చాలా ఇళ్లలో వాసనకి ఇంకో కారణం పౌడర్ ఎక్కువ వేయడం. మనకి నురుగు వస్తేనే మురికి పోయినట్టు అనిపిస్తుంది. ఫ్రంట్ లోడ్ అలా పనిచేయదు. కొద్ది నీళ్లలో బట్టలను పైకెత్తి కింద పడేసి ఉతుకుతుంది, రేవులో చాకలి బండకేసి బాదినట్టు. నురుగు ఎక్కువైతే ఆ పడే దెబ్బ మెత్తనైపోతుంది, మురికి వదలదు. పైగా మిగిలిన పౌడర్ డ్రమ్ముకీ బయటి టబ్బుకీ మధ్య జిగురులా పేరుకుంటుంది. దాన్నే తిని పాచి పెరుగుతుంది. మీ మిషన్‌లో అది ఎంత ఉందో తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం చెబుతాను. బట్టలు లేకుండా, పౌడర్ వేయకుండా, అరవై డిగ్రీల్లో ఖాళీగా తిప్పి అద్దంలోంచి చూడండి. నురుగు కనిపించిందంటే అదంతా పాత పౌడరే. నురుగు రావడం మానేదాకా అలా ఒకటి రెండుసార్లు తిప్పాలి. ఫ్రంట్ లోడ్ అని రాసి ఉన్న పౌడరే వాడండి, మామూలు బకెట్ పౌడర్ అసలు వద్దు. ఉతికేటప్పుడు నురుగు అద్దంలో మూడో వంతు దాటకూడదు. ఆఖరి రిన్స్‌లో కూడా నురుగు కనిపిస్తే మర్నాడు సగం తగ్గించండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మిషన్ మూడేళ్లు పాతబడింది కాబట్టి పాడైందని మీరనుకుంటున్నారు. నాకు తెలిసి దాన్ని తింటున్నది మీ నీళ్లు. మిషన్‌తో వచ్చే పుస్తకంలో ఏడాది పొడుగునా ఒకే రకం నీళ్లొస్తాయన్నట్టు రాస్తారు. మన డెల్టాలో ఏడాదికి మూడు రకాల నీళ్లు వస్తాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మన కాలువల్లో పారేది గోదావరి నీళ్లే. అవి మెత్తటి నీళ్లు, సబ్బు చక్కగా నురగ కడుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా అవే ఎర్రనీళ్లు, ఒండ్రు కలిసి వస్తాయి. వేసవిలో కాలువ కట్టేశాక జూన్‌లో మళ్లీ వదిలేదాకా బోరు నీళ్లు. మీ వైపు, నరసాపురం వైపు, కోనసీమ లంకల కింది భాగాల్లో ఆ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. మూడు రకాల నీళ్లకి మూడు రకాల జాగ్రత్తలు కావాలి.

బోరు నీళ్లలో రెండు వేరు వేరు జబ్బులుంటాయి. జనం రెండిటినీ కలిపి ఉప్పునీళ్లు అనేస్తారు. ఒకటి గట్టిదనం, అంటే నీళ్లలో సున్నం, మెగ్నీషియం ఎక్కువగా ఉండడం. రెండోది ఉప్పదనం. సగం సీసా నీళ్లలో సబ్బు ముక్క తురిమి వేసి గట్టిగా ఊపండి. నురుగు రాకుండా పాలు విరిగినట్టు తెట్టె కడితే గట్టి నీళ్లు. నాలుక మీద చుక్క వేసుకుంటే తెలిసేది ఉప్పదనం. తాగేనీళ్లలో గట్టిదనం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా పర్వాలేదని మన దేశపు ప్రమాణాలు చెబుతాయి. మీ బోరు ఎంతో ఒకసారి పరీక్ష చేయించండి. చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులు మీ వైపు అడుగడుగునా ఉన్నాయి, మీ వారికి తెలియనివి కావు. చెరువు నీళ్లతో పాటు ఇంటి బోరు నీళ్లు ఒక సీసా పంపితే సరిపోతుంది. గట్టిదనం, ఉప్పదనం, ఇనుము ఈ మూడూ అడగండి.

గట్టి నీళ్లయితే లోపలి హీటర్ రాడ్డుకి గీజర్ రాడ్డుకి పట్టినట్టే తెల్లటి పొక్కు కడుతుంది. నీళ్లు వేడెక్కడానికి ఆలస్యమవుతుంది, కొన్నాళ్లకి రాడ్డు కాలిపోతుంది. దీనికి మందు నిమ్మ ఉప్పు. కిరాణా కొట్లో దొరుకుతుంది. నెలకోసారి, బోరు నీళ్లు వాడే రోజుల్లో, వంద గ్రాములు డ్రమ్ములో వేసి బట్టలు లేకుండా అరవై డిగ్రీల్లో తిప్పండి. కాలువ నీళ్ల రోజుల్లో మూడు నెలలకోసారి చాలు. ఇక్కడ ఒక్క జాగ్రత్త చాలా ముఖ్యం, మీ ఇంటికి మరీ ముఖ్యం. నిమ్మ ఉప్పు వేసినప్పుడు బ్లీచింగ్ దగ్గరికి రానివ్వకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరాడదు. చెరువుల్లో బ్లీచింగ్ పౌడర్ చల్లిన రోజు మీ వారి బట్టలకి అది అంటుకుని ఉంటుంది. ఆ బట్టలు తిప్పిన వెంటనే నిమ్మ ఉప్పు వేయకండి. మధ్యలో ఒకసారి ఖాళీగా మంచినీళ్లతో తిప్పి, మర్నాడు చేసుకోండి.

ఉప్పదనానికి నిమ్మ ఉప్పు పనిచేయదు. గొట్టానికి తగిలించే సాఫ్ట్‌నర్ కూడా పనిచేయదు. అది సున్నాన్ని తీసి సోడియం ఇస్తుంది, అంతే. కొట్టువాళ్లు ఉప్పునీళ్లకి ఇదే మందు అని అమ్ముతారు. నమ్మి కొనకండి. గట్టిదనం ఉంటే పనికొస్తుంది, ఉప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఉప్పు చేసే నష్టం బయటికి కనిపించదు. స్టీలు డ్రమ్ము వెనకాల దాన్ని మోసే మూడు కాళ్ల ముక్క ఒకటి ఉంటుంది. చాలా మిషన్లలో అది అల్యూమినియం. స్టీలూ అల్యూమినియం ఆనుకుని ఉన్నచోట ఉప్పునీళ్లు చేరితే అల్యూమినియం నెమ్మదిగా కొరుక్కుపోతుంది. నేను విప్పిన కొన్ని మిషన్లలో ఆ కాళ్లు చెదలు తిన్న దూలంలా, గోరుతో గీకితే తెల్లగా పొడి రాలేలా ఉన్నాయి. అది విరిగితే డ్రమ్ము మొత్తం మార్చాలి, అప్పుడు మీ వారు అన్నట్టు అమ్మేయడమే మేలు.

అంతదాకా రాకుండా మీరు చేయగలిగినవి ఉన్నాయి. వేసవిలో పంచాయతీ కుళాయి నీళ్లు వచ్చే పూట చూసుకుని మిషన్ వేయండి. అవి మంచినీళ్ల చెరువులో నింపిన కాలువ నీళ్లే కదా. ఆ నీళ్లు చాలకపోతే ఉతకడం బోరు నీళ్లతో కానిచ్చి, ఆఖరి రిన్స్‌కైనా మంచినీళ్ల ట్యాంకు గొట్టం తిప్పుకునేలా ప్లంబర్‌తో ఒక వాల్వు పెట్టించండి. అది చిన్న పని. తడి బట్టలు మిషన్‌లో రాత్రంతా వదిలేయకండి. ఉప్పు తడి ఆరుతూ ఉన్నచోటే ఎక్కువ తింటుంది. జూన్‌లో కాలువ వదిలి మంచినీళ్లు రాగానే పౌడర్ లేకుండా రెండుసార్లు ఖాళీగా రిన్స్ చేయండి.

యూనిఫారాల పసుపు ఇనుము వల్ల అయి ఉండాలి. బోరు నీళ్లు తెల్లటి బకెట్‌లో పట్టి రాత్రంతా వదిలేయండి. పట్టినప్పుడు తేటగా ఉండి పొద్దుటికి పసుపుపచ్చగా తిరిగి, అడుగున తుప్పు రంగు మడ్డి కనిపిస్తే ఇనుమే. ఆ చొక్కాలకి బ్లీచింగ్ పెట్టారంటే మరక ఇంకా గట్టిపడుతుంది. చాలామంది అక్కడే పొరపాటు పడతారు. గోరువెచ్చటి బకెట్ నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టి, బాగా జాడించి, మామూలుగా ఉతకండి. ఒకసారికి పూర్తిగా పోకపోవచ్చు, రెండు మూడుసార్లు చేయాలి. ముందు ఒక మూల తడిపి రంగు పోవడం లేదని చూసుకోండి. మళ్లీ రాకుండా ఉండాలంటే తెల్లబట్టలు బోరు నీళ్లతో ఉతకడం మానేయడమే.

ఎర్రనీళ్ల రోజుల్లో మిషన్ వెనక గొట్టం బిగించే చోట చిన్న జాలీ ఒకటి ఉంటుంది, దాన్ని పదిహేను రోజులకోసారి కడగాలి. కుళాయి కట్టేసి, గొట్టం విప్పి, జాలీని శ్రావణంతో లాగితే వస్తుంది. అది ఒండ్రుతో మూసుకుపోతే మిషన్ నీళ్ల కోసం చూసి చూసి ఐఈ అని చూపిస్తుంది. అప్పుడూ బోర్డు పోయిందనే వాళ్లుంటారు. మా అమ్మ ఎర్రనీళ్లు వచ్చిన రోజుల్లో కుండ లోపల చిల్లగింజ అరగదీసేది, తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగి నీళ్లు తేటపడేవి. ట్యాంకుకి అంత పని పెట్టలేం కానీ, ట్యాంకులో ఒక రాత్రి నిలవనిచ్చి మర్నాడు పైనుంచి తేట నీళ్లు వాడుకుంటే జాలీకీ, బట్టలకీ కూడా మంచిది.

గంతుల సంగతి. మీ మిషన్ పెరటి వసారాలో ఉందనుకుంటాను. మన ఇళ్లలో వసారా గచ్చు నీళ్లు జారిపోవడానికి వాలుగా పోస్తారు. ఆ వాలు మీద పెడితే మిషన్ ఒక కాలు మీద నిలబడినట్టే. ఎదురెదురు మూలలు చేత్తో నొక్కి చూడండి. ఊగితే కాళ్లు సరిగా ఆనలేదని. కింద కాళ్లకి మరలుంటాయి, తిప్పితే ఎత్తు మారుతుంది. తాపీమేస్త్రీ దగ్గరుండే రసమట్టం పైన పెట్టి ముందూ వెనకా, అడ్డంగా రెండు వైపులా చూసుకుని, తర్వాత ఆ మరల మీదుండే నట్టును పైకి బిగించాలి. నట్టు బిగించకపోతే వారంలో మళ్లీ జారుతుంది. చక్రాల స్టాండు మీద ఉంటే తీసేయండి, ఫ్రంట్ లోడ్‌కి అది పనికిరాదు. ఒక్క బరువైన దుప్పటి ఒంటరిగా వేసినా, లుంగీలూ తువ్వాళ్లూ మెలిపడి ముద్దకట్టినా గంతులేస్తుంది. దుప్పటితో పాటు రెండు మూడు చిన్న బట్టలు వేయండి. ఇవన్నీ చేసినా ఆగకపోతే కింద డ్రమ్మును పట్టుకునే షాక్ అబ్జార్బర్లు వదులైనట్టు, అవి మార్పించాలి.

పనిలో పనిగా ఒక పరీక్ష చేయండి. ఖాళీ డ్రమ్మును చేత్తో తిప్పి వినండి. గరగరమంటే బేరింగ్ అరుగుతోంది. డ్రమ్ము పై అంచు పట్టుకుని పైకెత్తితే డ్రమ్మూ టబ్బూ కలిసి ఊగాలి. డ్రమ్ము ఒక్కటే వదులుగా టకటకమని ఆడితే బేరింగో, ఇందాక చెప్పిన వెనక కాళ్లో దెబ్బతిన్నాయి. ఈ రెండూ లేకపోతే మీ మిషన్‌కి ఇంకా చాలా ఆయుష్షుంది.

టాప్ లోడ్ కొంటే ఈ బాధలుండవని మీ వారి ఆలోచన. దానికీ ఇవే నీళ్లు వస్తాయి, పైగా అది ఇంతకంటే చాలా ఎక్కువ నీళ్లు తాగుతుంది. బోరు నీళ్లతో గడిపే ఇంట్లో నేనైతే ఆ సలహా ఇవ్వను. ఆయన చేయాల్సింది ఇంకొకటుంది, అది ఆయనతోనే చెప్పండి. గట్టు మీద నుంచి వచ్చిన బట్టలు నేరుగా మిషన్‌లోకి రాకూడదు. పెరట్లో కుళాయి దగ్గర జేబులు తిరగేసి దులిపి, బురద పోయేదాకా ఒకసారి జాడించి, నీళ్లు కారనిచ్చి అప్పుడు వేయాలి. చెరువుల్లో చల్లే సున్నం, జియోలైట్ పొడి కూడా బట్టల మడతల్లో ఉండి, లోపలికి వెళ్లి అడుగున మడ్డిలా దిగుతాయి. జేబులు చూసే పని మీ మీద వేసుకోవద్దు, జేబు ఎవరిదైతే వాళ్లే ఖాళీ చేయాలి. ఆ బట్టలు వేసే ఇంట్లో కింది ఫిల్టర్ పదిహేను రోజులకోసారి కడగాలి.

ఇంకో రెండు ముక్కలు. మిషన్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటుంటే వెంటనే వాడకం ఆపి ఎర్తింగ్ చూపించండి. తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడే చోట అది ప్రాణం మీదికి వస్తుంది. వేడి నీళ్ల ప్రోగ్రాములో హీటర్ దాదాపు రెండు వేల వాట్లు లాగుతుంది కాబట్టి పవర్ ప్లగ్గుకే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకి కాదు. ఉరుములూ మెరుపులూ ఉన్న రోజు ప్లగ్గు పీకేయండి. కోతలయ్యాక చేలల్లో ఎలుకలు ఇళ్లలోకి వస్తాయి. మిషన్ అడుగు ఖాళీగా ఉంటే దూరి వైర్లు, రబ్బరు గొట్టాలు కొరుకుతాయి. అడుగున సన్నటి ఇనుప జాలీ బిగించుకోవచ్చు, గాలి ఆడాలి కాబట్టి అట్టతో మూసేయకండి. వరద నీళ్లు ఎప్పుడైనా మిషన్ అడుగు దాకా వస్తే, ఆరిపోయినట్టు కనిపించినా, మెకానిక్ విప్పి చూసేదాకా స్విచ్ వేయొద్దు.

రేపు పొద్దున్న ముందుగా ఫిల్టర్ తీయండి. నీళ్లు పోతే, అదే రోజు రబ్బరూ ట్రే కడిగి, ఖాళీగా అరవై డిగ్రీల్లో ఒకసారి తిప్పండి. నిమ్మ ఉప్పు మర్నాటికి ఉంచండి. కాళ్లు సరిచేయడానికి మీ వారు కూడా పక్కనుండాలి, మిషన్ అరవై కిలోల పైనే ఉంటుంది, ఒక్కరే ఎత్తకండి. ఫిల్టర్‌లో ఏం దొరికిందో, పంపు చప్పుడు చేసిందో లేదో, బకెట్‌లో పట్టిన బోరు నీళ్లు పొద్దుటికి ఏ రంగుకి తిరిగాయో నాకు రాయండి. చప్పుడే లేదంటే, ఆ మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు నాకు ఒక్క ముక్క రాయండి. ఏం అడగాలో, ఏ పార్టు పాతది వెనక్కి తీసుకోవాలో అన్నీ చెబుతాను.